తుకినెం తెచ్చే పసుపు సీసా

మార్చి పదకొండు. ఆ మధ్యాహ్నం మేము తిన్నది బెల్లం వేసి ఉడికించిన పనసకాయ కూర, గుడ్డు, అన్నం. సుమార్ని అక్క మారు వడ్డించమంది, అందుకే తేదీ గుర్తుంది. పేగు కోసి కుట్టిన తర్వాత ఆమె అడిగి తినడం అదే మొదలు. నా భార్య పోయాక నన్ను తన ఇంటికి తెచ్చుకున్న మనిషి. ఆమె ముద్ద కలుపుతుంటే నాకు ప్రాణం లేచి వచ్చింది.

పేగులో పుట్టిన కాన్సర్ కాలేయానికి పాకింది. మా జావా దీవిలోని జోగ్జా నగరం ఆసుపత్రిలో ఆమె పక్కటెముకల కింద, చర్మం లోపల, పెద్ద గుండీ అంత డబ్బీ అమర్చారు. దానిలోంచి సన్నని గొట్టం కాలేయానికి వెళ్ళే రక్తనాళంలోకి పోతుంది. అందులో ఎక్కించిన మందు తిన్నగా కాలేయానికే చేరుతుంది. అక్క జుట్టు ఊడలేదు. "పొలమంతా తడపకుండా ఒక్క మడికే నీళ్ళు పెడుతున్నారన్నమాట" అంది. స్కానులో కాలేయం మీది కాన్సర్ మచ్చలు చిన్నవవుతున్నాయని డాక్టరమ్మ కూడా చెప్పింది.

అక్క మారు వడ్డించుకున్న మర్నాడు రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ ధీమా తగ్గింది. కాలేయం దెబ్బతింటోంది. ఎక్కిస్తున్న మందే పడకపోతే దాన్ని శాశ్వతంగా ఆపేయాలి. ఆ తర్వాత ఇవ్వదగిన గట్టి మందేదీ మిగల్లేదు. వేరే మందులేమైనా వాడుతున్నారా అని గుచ్చి గుచ్చి అడిగింది. అక్క లేదంది. ఆమె అబద్ధమాడే మనిషి కాదు.

సాయంత్రం తుకినెం వచ్చింది. వెదురుబుట్టలో సీసాలు పేర్చి, వీపున కట్టుకుని, వీధుల్లో జమూ కషాయాలు అమ్ముతుంది. అక్కకి చిన్ననాటి నేస్తం. జబ్బు సంగతి తెలిసినప్పటినుంచీ కాలేయానికి మంచిదని అడవిపసుపు దంచి, చిక్కటి రసం విడిగా తెస్తోంది. మొహం చిట్లించావంటే రెండో గ్లాసు పోస్తానని బెదిరించింది. అక్క గటగటా తాగేసింది. రోజూ చూసేదే, ఆ రోజే నా కంటికి ఆనింది.

"అక్కా, ఇది డాక్టరమ్మకి చెప్పావా?"

"ఆవిడ మందులు అడిగిందిరా. జమూ మందేంటి? అన్నం తింటున్నానని కూడా చెప్పమంటావా?"

తుకినెం నవ్వబోయి, నా మొహం చూసి ఆగింది.

"నా చేత్తోనేనా దీనికి చెరుపు జరిగింది, తమ్ముడూ?"

తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఫోన్ చేస్తే డాక్టరమ్మ కోప్పడలేదు, అదే పదివేలు. తప్పు దేనిదో ఇప్పుడే చెప్పలేననీ, ఎక్కించే మందూ, జమూ రెండూ ఆపి చూద్దామనీ అంది.

తుకినెం ఇక రాదనుకున్నాను. వచ్చింది. బుట్ట వాకిట్లోనే వదిలి, ఒట్టి చేతులతో లోపలికొచ్చి అక్క కాళ్ళు పట్టేది. సరుకు అమ్ముకునేదాని మొహమేనా ఇది, కాస్త నవ్వవే అని అక్క దెప్పితే, రెండో కాలు ఒళ్ళోకి లాక్కునేది.

తర్వాతి పరీక్షలో కాలేయం తేరుకుంది. కొంచెమే. మందు సగం మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టారు. కానీ ఆపిన రోజుల్లో ఒక మచ్చ పెరిగింది. సగం మందు దానికి చాలుతుందా అని అడిగాను. చూద్దామంది డాక్టరమ్మ.

ఆ సాయంత్రం అక్క రెండు ముద్దలు తిని పడుకుంది.

"రేపొస్తావుగా?" అని అడిగింది.

"రాక ఎక్కడికి పోతానే. పడుకో" అంది తుకినెం.

అక్కకి నిద్ర పట్టాక, డబ్బీ ఉన్నచోట ఒత్తుకోకుండా దుప్పటి సర్దింది. వాకిట్లో బుట్ట వీపుకెత్తుకుని, సీసాలు మోగకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో తలుపు మెల్లగా మూసింది.