ఈశాన్యంలో చెన్నయ్య

మా సర్వే సంస్థ శంషాబాద్‌లో, విమానాలు నెత్తిమీదుగా దిగే చోట ఉంది. లెక్కల్ని బొమ్మలుగా గీసే సాఫ్ట్‌వేర్లు మూడు తెప్పించాం. ఏది మంచిదో తేల్చే పని నాది. ఏది కొనాలో తేల్చేది మా డైరెక్టరు నరసరాజుగారు. ఆయన వాస్తు చూడనిదే చెప్పులు కూడా విడవరు. సిద్ధాంతిని పిలిపించారు.

సిద్ధాంతి దిక్సూచిని మానిటరుకు ఆనించి, తెర పైవైపు ఉత్తరమని తేల్చాడు. మొదటి సాఫ్ట్‌వేర్ గుండ్రటి బొమ్మను తూర్పున మొదలెట్టి ఎడమకు తిప్పుతోంది. అప్రదక్షిణం, పనికిరాదన్నాడు. రెండోది ఉత్తరాన మొదలై కుడికి తిరిగింది. భేషన్నాడు. మూడోది తెరుచుకునేసరికి రాహుకాలం వచ్చేసింది.

రెండోదానిలో, పక్కనున్న మంఖాల్ ఊళ్లో ఎవరు దేనిమీద బతుకుతున్నారన్న సర్వే వేశాను. ప్లాట్లు, షెడ్లు, కిరాయి గదులు బొమ్మంతా ఆక్రమించాయి. ఈశాన్యంలో మాత్రం సన్నటి పచ్చ ముక్క. మేం అడిగిన ఇళ్లలో ఇంకా సేద్యం చేస్తున్నది చెన్నయ్య ఒక్కడే, ఆ ముక్క అతనిదే.

ఈశాన్యం ఖాళీగా ఉండాలని సిద్ధాంతి మొహం చిట్లించాడు. పక్కకు జరుపుతానన్నాను. ఆగ్నేయంలో పెడితే పంట కాలుతుందట, దక్షిణం యముడిదట, నైరుతిలో బరువుండాలి కాబట్టి ప్లాట్లు కదలవట. అయితే తీసెయ్యమన్నారు నరసరాజుగారు. తీసేస్తే మంఖాల్‌లో సేద్యమే లేదని రిపోర్టు అచ్చవుతుందని మొత్తుకున్నాను. శాస్త్రం శాస్త్రమే అన్నారు. మాది సామాజిక శాస్త్రమని గుమ్మం మీద ఇంత బోర్డుంది. నాకు ఒళ్లు మండింది, అయినా ముక్క తీసేశాను.

బొమ్మలో చూపిస్తానని సర్వే రోజున చెన్నయ్యకు మాటిచ్చాను. ఆ మాట పట్టుకుని అప్పుడే వచ్చాడు.

"నేనేడున్న బిడ్డా?"

నేను సిగ్గుతో తెరను పక్కకు తిప్పాను. నరసరాజుగారే చెప్పారు.

"ఏమీ అనుకోకండి చెన్నయ్యగారూ. ఈశాన్యం ఖాళీగా ఉండాలి."

చెన్నయ్య నవ్వాడు. "ప్లాట్ల వెంచరోళ్లు గూడ గిదే జెప్పిండ్రు సార్. నా చేను వాళ్లకు ఈశాన్యంల పడ్డదంట. అమ్మి జరగమన్నరు."

అని కుర్చీ ఎత్తి గది ఈశాన్య మూలకు మోసుకెళ్లాడు. అక్కడ వాస్తు కోసం పెట్టిన నీళ్ల చెంబును పక్కకు నెట్టి కూర్చున్నాడు.

"ఇగ గియ్యి బిడ్డా. నేను జరుగ."

సిద్ధాంతి దిక్సూచిని సంచిలో వేసుకున్నాడు. నరసరాజుగారు చెంబును చేతిలోకి తీసుకుని, పెట్టే దిక్కు వెతుక్కోసాగారు. నేను పచ్చ ముక్కను మళ్లీ పెట్టాను. కాస్త లావుగా గీద్దామని చెయ్యి లాగింది. లెక్క లెక్కే కదా, సన్నగానే గీశాను.