బాలింత నీళ్ళు

బక్కెట్టెడు వేన్నీళ్ళు వాకిట్లో మట్టిపాలయ్యాయి. రామాంజినమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఊర్లో బోర్లన్నీ ఎండి, ట్యాంకరు దగ్గర జుట్లు పట్టుకుని తెచ్చిన నీళ్ళవి. కూతురు సరళ ఒక్క తన్నుతో బోర్లించేసింది.

"ఏమే, నీకేం రోగమొచ్చింది? నిన్న చెంబు ఇసిరి కొడ్తివి, ఈ పొద్దు బక్కెట్టు తంతివి. రేపు మమ్మల్నే తంతావా?"

సరళ తడిక చాటున బండ మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. కాన్పయి పుట్టింటికి వచ్చినప్పటినుంచీ ఇదే వరస. బిడ్డకు పాలిస్తుంది, పెట్టింది తింటుంది, నీళ్ళు పోయబోతే మాత్రం పూనకం. పోసేది రామాంజినమ్మకు వరసకు అత్తయ్యే ముసలి మారెక్క. ఊర్లో ఏ బాలింతనైనా కాళ్ళు చాపించి, మోకాళ్ళు అదిమిపెట్టి, నడుముకు కాక తగిలేలా నీళ్ళు కొట్టే చెయ్యి ఆమెది.

"ఇది ఆస్పత్రి గాలి, రామాంజీ," అంది మారెక్క. "ఆడ ఎంతమంది సచ్చింటారో! మంత్రాల చౌడప్పతో తాయెత్తు కట్టించు. పొయ్యి మీద గుండిగలో ఇంగా నీళ్ళుండాయి కదా, నువ్వా కాలు పట్టుకో, నేనీ కాలు పడతా."

"తాయెత్తు యాడ కడతావవ్వా, కాలికా?" సరళ అరిచింది. "కాళ్ళు పట్టుకుంటేనే వచ్చే గాలి యాడన్నా ఉంటాదా?"

"మేమేమన్నా నిన్ను సంపుతాండామా?" అంది రామాంజినమ్మ.

"ఆస్పత్రిలోనూ ఇదే మాట అనిరమ్మా. ఇద్దరు చెరొక కాలు పట్టుకొనిరి. అరిస్తే తొడ మీద చరిచిరి. మొగుని కాడ లేని సిగ్గు ఈడెందుకనిరి. మొద్దుబారే సూదైనా ఎయ్యకుండా కుట్లేసిరి. నువ్వు తలుపు బయట్నించి ఏమంటివి?"

రామాంజినమ్మకు తను అన్న మాట గుర్తుంది. "మా పాప మొండిదమ్మా, గట్టిగా పట్టుకోండి" అంది. నర్సమ్మకు కోపమొస్తే పిల్లను పట్టించుకోదేమోనని, నవ్వుతూ మరీ అంది.

మారెక్క అప్పటికే వంగి సరళ కాలు పట్టుకోబోయింది.

"చెయ్యి తియ్యత్తా! దాని నీళ్ళు అది పోసుకుంటాది."

"బాలింత తనకు తానే పోసుకునేది యాడన్నా ఇన్నామా? మరి గాలి పోయేదెట్లా?"

"గాలి సంగతి తర్వాత. ముందు నువ్వు పో!"

మారెక్క సణుక్కుంటూ పోయింది. రామాంజినమ్మ గుండిగలో మిగిలింది బక్కెట్లోకి వంచి, చల్లనీళ్ళు కలిపి, చెంబు కూతురి చేతికిచ్చింది. తడిక మూసి అటు తిరిగి నిలబడింది. ఎంతసేపటికీ చప్పుడు లేదు. నీళ్ళు చల్లారిపోతాయని అరవబోయి, నాలుక కరుచుకుంది.

వెనక చెంబు మునిగిన చప్పుడైంది.