పుర్రచేతి గ్లవ్

రాజేంద్ర సారు మంచివాడే. ఆ మాట ముందే చెప్పేస్తే మేలు, లేకపోతే కథ అయ్యేదాకా ఆయన్ని తిట్టుకుంటూనే ఉంటారు. మదనపల్లె దగ్గర ఒక హైస్కూల్లో ఆయన ఆటల సారు. క్రికెట్ తప్ప ఇంకో ఆటే లేదనుకునే చోట పట్టుబట్టి ఆడపిల్లల బేస్‌బాల్ జట్టు తయారుచేశాడు. కానీ తొమ్మిదో తరగతి వెన్నెలను మాత్రం ఒక్క మ్యాచ్‌లోనూ దించలేదు.

కారణం వింటే మనకు నవ్వొస్తుంది గానీ, ఆ పిల్లకు ఏడుపొచ్చేది. వెన్నెలది పుర్రచేతి వాటం. ఈ ఆటలో బంతి విసిరే చెయ్యి ఖాళీగా ఉండాలి, పట్టే చేతికి తోలు గ్లవ్ తొడుక్కోవాలి. స్కూల్లో ఉన్న గ్లవ్‌లన్నీ ఎడం చేతికి తొడిగేవే. వెన్నెల విసిరేదే ఎడం చేత్తో. ఇంకేం తొడుక్కుంటుంది, నా మొహం!

విసరడమంటే మామూలు విసరడమా అది! మైదానం చివర గోడ దగ్గర నిలబడి విసిరితే, బంతి నేలను తాకకుండా ఈ చివర సారు చేతిలోకి వచ్చేది. "అబ్బ, ఏం చెయ్యి మే నీది!" అని మెచ్చుకునేవాడు. మ్యాచ్ రోజు వచ్చేసరికి మాత్రం మాట మారేది. "గ్లవ్ లేకుండా నిన్ను యాడ నిలబెట్టేది? వేలు విరిగితే మీ నాయనకు నేనేం సెప్పుకోవాల?" కుడిచేతి గ్లవ్ తెప్పించమంటే, "అడిగినాను, వస్తాదిలే" అనేవాడు. అది రానూ లేదు, ఈమె ఆడనూ లేదు. అందరి చెప్పులకూ నీళ్ల బాటిళ్లకూ కాపలా కాయడమే వెన్నెల ఆట.

ఇంట్లో అవ్వ బయ్యమ్మది ఇంకో గోల. మనవరాలు ఎవరికైనా ఏదైనా ఎడం చేత్తో అందిస్తే చాలు, "ఆ చేత్తో ఇస్తారామే ఎవురైనా!" అని చేతిమీద ఒక్కటి వేసేది. అదే చేత్తో పదిమంది ముందు ఆడి చూపించాలని వెన్నెల పంతం.

పుంగనూరులో పోటీలు జరిగాయి. సెమీఫైనల్లో మదనపల్లె పిల్లలకు కుప్పం జట్టు తగిలింది. వెన్నెల ఎప్పటిలాగే బాటిళ్ల పక్కన కూలబడింది. కుప్పం పిల్లలు ఫీల్డింగుకు దిగారు. ఆ మూల నిలబడిన పొడుగుపిల్లను చూసి వెన్నెలకు గుండె ఆగినంత పనైంది. ఆ పిల్ల గ్లవ్ కుడిచేతికి ఉంది!

ఓరి దేవుడా! లోకంలో తనలాంటిది ఇంకొకతె ఉంది. ఉండటమే కాదు, ఆడుతోంది కూడా.

అంతే, వెన్నెల బుర్ర చకచకా పనిచేసింది. ఈ ఆటలో ఒక జట్టు బ్యాటింగ్ చేస్తుంటే రెండోది ఫీల్డింగ్ చేస్తుంది, కాసేపటికి తారుమారవుతుంది. కుప్పం వాళ్లు బ్యాట్ పట్టుకున్నంతసేపూ ఆ గ్లవ్ ఊరికే పడి ఉంటుంది. సరిగ్గా అప్పుడే కదా తనకు దాంతో పని! కానీ ఎదుటి జట్టు దగ్గరికి పోయి అడగడమంటే మాటలా? సిగ్గుతో చచ్చిపోయింది. అయినా, ఈ రోజు కూడా చెప్పుల దగ్గరే కూర్చుంటే ఇంక ఎప్పటికీ అక్కడే అనిపించింది. జట్లు చోటు మారగానే లేచి, నేరుగా కుప్పం పిల్లల దగ్గరికి నడిచింది.

"అక్కా, మీరు బ్యాటింగ్ సేసేటప్పుడు నీ గ్లవ్ నాకిస్తావా? అయిపోతానే ఇచ్చేస్తా."

పొడుగుపిల్ల పేరు రేష్మ. ఎగాదిగా చూసింది. "యాల? మీ స్కూల్లో లేవా?"

"ఉండాయి. నాకొక్కటీ పనికి రాదు. నాది పుర్రచెయ్యి. అందుకే మా సారు ఆడనీడు."

పక్కనున్న కుప్పం పిల్ల కయ్యిమంది. "రేష్మా, నీకేమన్నా పిచ్చా? ఎదుటి టీముకు ఇస్తావా?"

రేష్మ ఆ మాటే పట్టించుకోలేదు. "పోయినేడంతా నన్నూ ఇట్లే కూర్చోబెట్టినారు. మా మామ బెంగళూరు నుంచి ఈ పాతది తెచ్చిచ్చినాకే కదా ఆడనిచ్చింది. తీసుకో" అంది.

ఎడం చేత్తో ఇచ్చింది. వెన్నెల ఎడం చేత్తోనే అందుకుంది. తిట్టేవాళ్లు ఎవరూ లేరు.

"సార్, గ్లవ్ ఉండాది. ఇప్పుడు ఆడిస్తారా?"

"ఎవురిదే అది?"

"కుప్పం వాళ్లది సార్."

సారు ఏదో అనేలోపే కెప్టెన్ అర్చన కలగజేసుకుంది. "దించండి సార్. మొన్నటి మ్యాచ్‌లో ఆ మూలకు పోయిన బంతి ఒక్కటీ సరిగ్గా వెనక్కి రాలా." సారు తల గీరుకుని, "సరే, పో. సూస్తా" అన్నాడు.

మొదటి బంతే చేజారింది. కుడిచేతికి గ్లవ్ అలవాటు లేదాయె! కుప్పం వాళ్లకు ఒక రన్ వచ్చింది, ఈలలు మోగాయి. వెన్నెల ముఖం మాడిపోయింది. ఆ తర్వాతి బంతి గోడదాకా దొర్లింది. ఇంకో రన్ కోసం కుప్పం పిల్ల పరుగెడుతోంది. వెన్నెల బంతి అందుకుని, తిరిగి, ఉన్న బలమంతా పెట్టి విసిరింది. బంతి నేల తాకకుండా వచ్చి, ఆ పిల్ల చేరేలోపే అక్కడ కాచుకున్న అర్చన గ్లవ్‌లో పడింది. అవుట్! "అయ్యో, ఈ చేతినా నేను బాటిళ్ల దగ్గర కూర్చోబెట్టింది!" అని సారు అందరికీ వినబడేలా అనేశాడు.

అక్కణ్ణించి ఆ గ్లవ్‌కు ఊపిరాడలేదు. కాసేపు రేష్మ చేతికి, కాసేపు వెన్నెల చేతికి. చివరికి మదనపల్లె ఒకే ఒక్క రన్ ముందుంది. కుప్పం పిల్లలిద్దరు పరుగుకు సిద్ధంగా ఉన్నారు. ఇంకొక్క అవుట్ పడితే మదనపల్లెది ఆట, బంతి నేల తాకితే కుప్పానిది. బ్యాట్ పట్టుకుని వచ్చింది ఎవరనుకున్నారు? రేష్మే!

కొట్టింది చూడండి, బంతి ఆకాశంలోకి లేచింది. వెన్నెల వెనక్కి, ఇంకా వెనక్కి పరుగెత్తింది. వీపు గోడకు తగిలింది. ఎండ కళ్లలో పడుతోంది. కుడిచెయ్యి పైకెత్తింది. బంతి ధబ్బుమని గ్లవ్‌లో పడి, అక్కడే ఉండిపోయింది.

జట్టంతా వచ్చి మీదపడింది. వాళ్లను తప్పించుకుని వెన్నెల రేష్మ దగ్గరికి పోయింది. సంతోషం పట్టలేక ఏడుస్తోంది.

"నా గ్లవ్‌తోనే నన్ను అవుట్ సేసినావు కదే!" అంది రేష్మ. ఆమె కళ్లలోనూ నీళ్లే, పెదవులమీద మాత్రం నవ్వు. "నువ్వేడస్తావేమే? ఏడవాల్సింది నేను."

వెన్నెల గ్లవ్ తీయబోతే రేష్మ ఆపింది. "ఉండనీ. రేపు నాకు ఆట లేదు, నీకు ఫైనల్ ఉండాది. గెల్చి పంపించు."

వెనక నుంచి రాజేంద్ర సారు వచ్చాడు. బాటిళ్ల సంచీ ఆయన భుజానే ఉంది. "వచ్చినప్పుడు సూద్దాంలే అని నేను కూర్చుంటిని. నువ్వు పోయి తెచ్చుకుంటివి. తప్పు నాదేనమ్మా. రేపు మొదటినించీ నువ్వే" అంటూ కుడిచెయ్యి చాపాడు.

వెన్నెల కుడిచేతికి ఇంకా గ్లవ్ ఉంది. సారు అది చూసి, చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, ఎడం చెయ్యి చాపాడు.