కాగితం పూల వరస

ఎండిపోతున్న మొక్కకి నీళ్ళు పోయడం కూడా తప్పేనా, పాలు తాగే పిల్లాడినడిగినా చెప్తాడు కదా, అనుకుంటూ తను బోర్లించిన కుండీ మీద కూర్చుని ఉంది, పైపు ఇంకా చేతిలోనే ఉంది, కుళాయి కట్టేసినా దాని కొసనుంచి ఒక్కో చుక్కా జారి చెప్పులోకి, కాలివేళ్ళ మధ్యకి చేరుతోంది, ఎదురుగా కాగితం పూల మొక్కల వరస అప్పుడే స్నానం చేసొచ్చిన పిల్లల్లా నిగనిగలాడుతోంది, పొద్దున తను వచ్చేసరికి ఆకులు వేలాడేసి, మట్టి బీటలిచ్చి, చూస్తేనే గొంతెండిపోయేలా ఉన్నవి, ఇప్పుడెంత బాగున్నాయో, అంత బాగుండటమే తన కొంప ముంచింది, ఎందుకంటే మట్టి కలిపే ఆవిడ, ఈ నర్సరీలో అందరూ అత్తా అని పిలిచే ఆవిడ, జల్లెడ చంకనబెట్టుకుని ఇటుగా వస్తూ ఆగిపోయి, వీటికెందుకు పోశావే తల్లీ, సారు కావాలనే వీటికి నీళ్ళు మానిపించారు, దాహంతో ఉంచితేనే ఇవి పూస్తాయి, మొగ్గ పడే వేళకి ఇలా కడుపునిండా తాగిస్తే ఆకులేసుకుని కూర్చుంటాయి, అంది, కోప్పడలేదు, కోప్పడినా బాగుండేది, కొత్తగా తెరిచే హోటలు వాళ్ళు గుమ్మం ముందు పెట్టుకోవడానికి ఈ వరసే చూసుకుని వెళ్ళారు, ఇక సారొచ్చాక నువ్వూ ఆయనా చూసుకోండి, అని తన మట్టికుప్ప దగ్గరికి వెళ్ళిపోయింది.

సారు రావడానికింకా టైముంది, అయినా గేటు కిర్రుమంటే చాలు తలెత్తి చూస్తోంది, ఇందాక వచ్చింది ఎరువు బస్తాల బండి, అంతకుముందు గాలి, ఈ వారం చూస్తాను, పని కుదిరితే సెలవులంతా రా, అన్నారాయన, కుదరకపోతే సోమవారం నుంచి బాబాయి ఆఫీసే, నాన్న ఆ సంగతి చెప్పి, ఇక మాట్లాడేదేమీ లేదన్నట్టు చెయ్యి కడుక్కుని లేచిపోయారు, బాబాయి ఆఫీసుని ఇంట్లో అందరూ బంగారంలాంటి పనంటారు, ఏసీ గది, తిరిగే కుర్చీ, ఫోను మోగితే ఎత్తడం, అదేమో మోగి చావదు, పోయిన వేసవంతా తను ఆ కుర్చీలో తిరిగింది, ఇటొకసారి, అటొకసారి, మా అన్నయ్యగారి అమ్మాయి అని బాబాయి వచ్చినవాళ్ళందరికీ కొత్త బీరువాని చూపించినట్టు చూపించేవాడు, పనేదైనా ఉంటే ఇవ్వండి అనడిగితే లెక్కలు చూసే ఆయన, నీకెందుకమ్మా కష్టం, అని పాత పత్రికలు తెచ్చి ముందు పడేసేవాడు, ఎదురు బల్ల దగ్గర కూర్చునే అక్క భోజనానికి కూడా లేవకుండా పనిచేస్తూ మధ్యమధ్య తలెత్తి తనవైపు చూసేది, తిట్టదు, మూతి తిప్పదు, ఊరికే చూసేది, ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి, ఇంకెప్పుడూ ఎవరిముందూ ఖాళీగా కూర్చోనని అక్కడే ఒట్టు పెట్టుకుంది, మరి పొద్దున ఖాళీ కుండీలు కడిగి పేర్చమన్నారు, అవి చిటికెలో అయిపోయాయి, ఆ తర్వాత చేతులు ఊరుకోవే, పైపు కనిపించింది, ఎండిన వరస కనిపించింది.

అనుమానం రాలేదా అంటే వచ్చింది, అబద్ధమెందుకు, అన్ని వరసలూ తడిగా ఉండి ఇదొక్కటే ఇలా ఎందుకుందా అని చెయ్యి ఒక్క క్షణం ఆగింది, అత్త పిలిస్తే పలికేంత దూరంలోనే ఉంది, అడిగితే సరిపోయేది, కానీ అడిగితే ఈ పిల్లకి ఏమీ రాదని బయటపడిపోదూ, మొదటి రోజు సారు మొక్కల పని వచ్చా అన్నప్పుడు, వచ్చండి, ఇంట్లో నీళ్ళు పోసేది నేనే, అంది, ఇంట్లో ఉన్నదల్లా వంటగది కిటికీలో సీసాలో పెట్టిన మనీప్లాంటు, ఆ వచ్చు అన్న మాట ఎప్పుడూ నాలుక చివరే ఉంటుంది, పిలవకముందే పలుకుతుంది, ఈ సెలవుల్లోనే, ఇక్కడికి రాకముందు, పనికి చేరిన బేకరీలో ఆవిడ కేకు మీద పేరు రాయడం వచ్చా అంటే వచ్చంది, క్రీము సంచి పిండితే మొదటి అక్షరమే సగం కేకుని ఆక్రమించింది, తక్కిన అక్షరాలు అంచుమీదనుంచి దిగి అట్టమీద నడిచాయి, ఆ తర్వాత చేరిన జిరాక్సు కొట్టులో రెండువైపులా తీయడం వచ్చా అంటే వచ్చంది, ఎవరిదో లావుపాటి పుస్తకం, వెనక పేజీలన్నీ తలకిందులు, కొట్టాయన వాటిని చూసి, తనని చూసి, మళ్ళీ వాటిని చూసి, రేపట్నుంచి రానక్కర్లేదమ్మా అన్నాడు, ఇంటికొచ్చి చెప్తే అన్నయ్య పడీ పడీ నవ్వి, ఒసేయ్ ఎక్స్‌ప్రెస్, స్టేషన్లో కూడా ఆగకుండా పోతావేంటే, అన్నాడు, అప్పుడు వాడిమీద దిండు విసిరింది, ఇప్పుడు నవ్వూ రావడం లేదు, విసరడానికి దిండూ లేదు, పైపొకటే ఉంది.

అత్తే పొయ్యమందని చెప్తే, ఛీ, రాత్రి వాన కురిసిందంటే, పక్క వరసలో ఇటుకల మీద దుమ్ము దుమ్ములాగే ఉంది, పోనీ పోసిన నీళ్ళు తీసేస్తే, లేచి ఒక కుండీని పక్కకి వంచింది, ఎర్రటి నీళ్ళు కొంచెం కారి పాదం మీద పడ్డాయి, తక్కినవి వేళ్ళు తాగేశాయి, తాగినవాటిని కక్కమంటే ఏ మొక్క కక్కుతుంది, దూరంనుంచి అత్త చూస్తూ ఉంది, కుండీ సరిగ్గా నిలబెట్టి మళ్ళీ కూర్చుంది, ఏడుపొస్తోంది, ఏడవకూడదు, సోమవారం ఆ తిరిగే కుర్చీ, ఆ పత్రికలు, ఆ అక్క చూపు, ఈసారి తను ఇంకో ఏడాది పెద్దదై కూర్చుంటుంది, మట్టి గోళ్ళలో ఇరుక్కున్న ఈ చేతులు తనకెంత నచ్చాయో ఇప్పుడు తెలుస్తోంది, సాయంత్రం ఇంటికెళ్ళి వాటిని వెంటనే కడుక్కోవాలనిపించేది కాదు, ఈ పని కావాలి, నిజంగా కావాలి.

గేటు కిర్రుమంది, ఈసారి ఆయనే, నడుముకి కత్తెర, మెడలో తువ్వాలు, నేరుగా ఆ వరస దగ్గరికే వచ్చి ఒక కుండీలో వేలు దింపి, ఆ వేలివంక చూసుకుని, ఎవరు పొయ్యమన్నారమ్మా, అన్నారు, ఎవరూ పొయ్యమనలేదండి, నేనే, వాడిపోయాయని, అంది, అత్తనడగొచ్చుగా, అన్నారు, అడగొచ్చు, ఎందుకడగలేదో దానంతటదే బయటికొచ్చింది, అడిగితే నాకేమీ రాదనుకుంటారని, ఆయన ఫోను తీసి హోటలు వాళ్ళతో మాట్లాడారు, ఆ వరస పూతకి రావడం ఆలస్యమవుతుందండి, మావల్ల పొరపాటైంది, బదులుగా వేరే పూలమొక్కలు పంపిస్తాను, అవతల ఎవరో గట్టిగానే అంటున్నారు, ఆయన, అవునండి, నిజమేనండి, అని వింటున్నారు, కొత్తపిల్ల అనలేదు, మావల్ల అన్నారు, అది వినగానే ఇంతసేపూ ఆపుకున్న కన్నీళ్ళు జారాయి, ఆయన చూసీ చూడనట్టు అటు తిరిగి, రా ఇలా, అంటూ నడిచారు.

షెడ్డు పక్కన ఎండలో ఒక మొక్క, పేరు తెలియదు, వెడల్పాటి ఆకులు కొంచెం కిందకి వాలి ఉన్నాయి, పైమట్టి తెల్లగా ఎండి ఉంది, దీనికి నీళ్ళు కావాలా వద్దా, అన్నారాయన, వాలిన ఆకులంటే దాహమే, కానీ పొద్దున కూడా అలాగే అనుకుంది, ఎప్పటి మాట ఎప్పటిలాగే నాలుక చివరికి వచ్చి నిలబడింది, కావాలండి, నాకు తెలుసండి, ఇదొక్కటి తప్పుచెప్తే సోమవారం వచ్చేస్తుంది, ఊరుకున్నా వచ్చేస్తుంది, అత్త జల్లెడ చప్పుడు ఆగింది, తను నోరు తెరిచి, తెలియదండి, అంది, అనేశాక ఆయన ముఖం చూసింది, అందులో ఏ మార్పూ లేదు, టైమెంతైందంటే చెప్పినట్టే ఉంది ఆయనకి, అయితే వేలు పెట్టి చూడు, అన్నారు, పెట్టింది, పైన పొడి, గోరు దాటాక చల్లదనం, ఇంకా లోపలికి దించితే తడి, చిక్కగా, వేలిని పట్టుకునేంత తడి, లోపల తడిగానే ఉందండి, అంది, ఊఁ, ఎండకి ఆకులు వాల్చింది, సాయంత్రానికి అదే లేస్తుంది, రేపు వచ్చేటప్పుడు టోపీ తెచ్చుకో, లేకపోతే నువ్వూ ఇలాగే వాలిపోతావు, అని ఆయన వెళ్ళిపోయారు, రేపు అన్నారు, టోపీ అన్నారు, అన్నయ్య పాతది ఒకటుంది, పెద్దదవుతుంది, పర్వాలేదు, జల్లెడ మళ్ళీ మొదలైంది, తను వేలు ఇంకా మట్టిలోంచి తీయలేదు, బేకరీలో, జిరాక్సు కొట్టులో, ఇక్కడా, అందరూ అడిగింది వచ్చా అనే కదా, రాదండి, చూపిస్తారా, అని ఉంటే బేకరీ ఆవిడ క్రీము సంచి ఎలా పట్టుకోవాలో చూపించేదేమో, కొట్టాయన కాగితం ఎటు తిప్పాలో చెప్పేవాడేమో, చెప్పేవాళ్ళు కాదేమో కూడా, తను ఎవరినీ అడగనే లేదు, ఈ వేసవిలో తనకి రాని పనులు చాలానే ఉన్నాయి, అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది ఇందాక నోటినుంచి వచ్చిన ఆ ఒక్క మాట.