రెండు దీపాల నడుమ ఎడం

దేవదాస్ నడిపేది కంట్రాక్టరు గారి పాత నల్ల కారు. పొద్దు పొడవకముందే బెల్లంపల్లిలో డాక్టరమ్మను ఎక్కించుకొని ఆసిఫాబాద్ దారిలోని పల్లెలకు పోవాలి. పందొమ్మిది వందల యాభై తొమ్మిది చలికాలం అది. దారి నిండా పొగమంచు, ఆ మంచులో వెదురు లారీలు. కారు వెనుక, నంబరు పలక పక్కన, రేగుపండంత ఎర్రదీపం ఒక్కటే. ఒకనాడు ఏదో లారీ బంపరును సొట్టబెట్టి పోయింది. ఆనాటి నుంచి దేవదాస్ భార్య మల్లక్కకు, అతడు ఇంటికి వచ్చిందాకా ముద్ద గొంతు దిగడం లేదు.

"ఇంకో దీపం పెట్టియ్యి. పెట్టిందాక నేను పొయ్యి ముట్టియ్య" అంది.

దేవదాస్ పాత సామాన్ల దుకాణంలో ఒక జీపు దీపం కొని, ఉన్నదాని పక్కనే ఆనించి బిగించాడు. వాళ్లది తరాలుగా బండ్లు తోలిన ఇల్లు. బండి ఇరుసుకు కందీలు, అంటే లాంతరు, కట్టడమే ఎరుగుదురు. వెలుగంతా ఒక్కచోట, కిందికి ఉండాలని వాళ్ల లెక్క.

"చూడు, పెండ్లిపందిరి లెక్క వెలుగుతున్నది" అని మురిసిపోయాడు.

మర్నాడే ఒక వెదురు లారీ వెనుక నుంచి కీచుమంటూ వచ్చి, కారుకు మూరెడు దూరంలో ఆగింది. దాన్ని నడిపే అంబదాస్ ఆదిలాబాద్ వైపు మరాఠీ మనిషి. దిగి, పరుగున కారు దగ్గరికి వచ్చాడు.

"దీపాలు కనబడ్డయి భావూ! కానీ నువ్వు ఎక్కడో ఫర్లాంగు అవతల ఉన్నవనుకున్న."

ఆ సాయంత్రం మల్లక్క ఈ సంగతి తన అన్న సారయ్యకు చెప్పింది. సారయ్య బాయిలో, అంటే బొగ్గుగనిలో, బొగ్గు బండ్లు లాగించే పని చేస్తాడు. విని నవ్వాడు.

"బావా, నువ్వు రెండో దీపం పెట్టలే. ఒక్కదాన్నే జర లావు జేసినవ్."

"అగో, బాయిల ఉండెటోనికి మోటరు సంగతి ఏమెరుక?" అన్నాడు దేవదాస్.

సారయ్య లేచాడు. రెండు కందీళ్లకు ఎర్ర పతంగి కాగితం చుట్టాడు. అది అందరూ బొగ్గు పొయ్యిలు రాజేసే వేళ. క్వార్టర్ల నడుమ వాడంతా పొగ కమ్ముకొని ఉంది. కందీళ్లు రెండూ ఒక్క చేతిలో పట్టుకొని పొగలోకి పోయాడు. పోయి, చప్పుడు చేయకుండా మళ్లీ వాళ్ల వైపే నడిచాడు.

"ఎక్కడున్నడు?" అని దేవదాస్ అడిగితే, "నల్లా కాడ" అంది మల్లక్క, వాడ చివరి కుళాయి వైపు చూపిస్తూ.

"నల్లా కాడ లేను. నీ ముంగటనే ఉన్న" అన్నాడు సారయ్య, నాలుగడుగుల దూరం నుంచి.

రెండోసారి కందీళ్లు చెరో చేత పట్టి, చేతులు బార్లా చాపి వచ్చాడు. దీపాల నడుమ మొదట బెత్తెడు ఎడం కనిపించింది. అది జానెడయింది, మూరెడయింది, ఇంకా విచ్చుకుంటూనే ఉంది. మల్లక్క తనకు తెలియకుండానే ఒకడుగు వెనక్కి వేసింది.

"గదే!" అన్నాడు సారయ్య. "బాయిల ఇద్దరు పక్కపక్కన లైట్లతోటి వస్తే నడుమ సందు చూస్తం. సందు పెరిగితే దగ్గరికొచ్చిండ్రన్నట్టు. ఒక్కడే వస్తే గోడకు జరిగి నిలబడుతం. వాడెంత దూరమో దేవునికెరుక."

దేవదాస్ ఆ మాటకు తల వంచాడు. మరునాడు దీపాలు ఊడదీసి, ఒక్కటే తీరు బల్బు బుగ్గలు వేసి, మడ్గార్డుల చివర్లకు చెరొకటి, నడుమెత్తున బిగించాడు.

మల్లక్కకు అంతటితో ధైర్యం రాలేదు. అన్నను వెంటబెట్టుకొని అంబదాస్ లారీ దగ్గరికి పోయి, తమను ఎక్కించుకొమ్మంది.

"లారీల ఆడోళ్లా? మా మాలక్‌కు తెలిస్తే నన్ను ఉంచుతడా?"

"ముంగట పోయేది మా ఆయన. నీ బ్రేకు మీద నాకు నమ్మకం లే. నా కండ్లతోటి చూడాలె."

అంబదాస్ ఇక కాదనలేకపోయాడు.

తెల్లవారుజామున కారు ముందు, లారీ వెనుక. అద్దం అవతల తెల్లదనం తప్ప చెట్టు లేదు, దారి లేదు. ఆ తెల్లదనంలో రెండు ఎర్రటి గింజలు, ఒకదానికొకటి తాకీ తాకనట్టు. అంబదాస్ తన బిడ్డ పెండ్లి ముచ్చట చెబుతున్నాడు. ఎర్రగింజలు మెల్లగా విడివడ్డాయి. వాటి నడుమ ఎడం వెడల్పయింది. ముచ్చట సగంలో ఉండగానే లారీ నెమ్మదించి, కారుకు చాలా వెనుకనే ఆగింది. కారు ముందర ఆవుల మంద దారి దాటుతున్న గంటల చప్పుడు వినిపించింది.

"మంద కనబడ్డదా?" అని అడిగింది మల్లక్క.

"లే వహినీ."

"మరెందుకు తొక్కినవ్?"

అంబదాస్ తన కాలి వంక తానే వింతగా చూసుకున్నాడు. "ఏమో... కాలే తొక్కింది."

మల్లక్క ఎర్రగింజల వంకే చూసింది. ఎవరూ కేక వేయలేదు, ఎవరూ చేయి ఊపలేదు. మొన్నటిదాకా ముఖమెరుగని మనిషి కాలికి, పొగమంచులో నుంచి, ఇంత దూరముందని చెప్పింది ఏమిటి? దీపాలు కూడా కావు, వాటి నడుమ ఉన్న ఖాళీ. ఆ ఖాళీలోనే, స్టీరింగు పట్టుకొని, తన పెనిమిటి కూర్చొని ఉన్నాడు.

మంద దాటిపోయింది. ఎర్రగింజలు మళ్లీ ఒకదానికొకటి దగ్గరవుతూ దూరంగా సాగాయి. ఆమె ఊపిరి తీసుకుంది.