ఎర్త్ గుంతలో మంచినీళ్లు

కరెంటాఫీసులో ఫ్యాను కింద కూర్చున్న అయ్యలారా, ఈ పాపం మీది. రెండువేల రెండు ఎండాకాలంలో, ట్యాంకరు దగ్గర ఆడవాళ్లు జుట్లు పట్టుకుంటున్న రోజుల్లో, నల్లగుట్లపల్లిలో పూటకో బిందె మంచినీళ్లు మట్టిపాలయ్యాయి. పోసినవాడు నాగేశ్వర. పోయించింది మీరు. అతను కాస్త పిచ్చోడని ఊరికంతా తెలుసు. మీకు ఆ సాకు కూడా లేదు.

నాగేశ్వర శనక్కాయ రైతు. వాన ముఖం చాటేసి, విత్తనం ఇంట్లోనే పురుగు పడుతుంటే, అతనికి చెవులు తప్ప పని చెప్పడానికి ఏమీ మిగల్లేదు. టేపు రికార్డరుకు విడిగా యాంప్లిఫయరు చేయించాడు. వేపచెక్కతో స్పీకరు పెట్టెలు కొట్టించి లోపల గొర్రె ఉన్ని కూరాడు. ఉన్ని ఇచ్చింది స్నేహితుడు కుళ్ళాయప్ప, గొర్రెల మంద ఉన్నవాడు. నల్ల గొర్రె ఉన్నికి తబలా లోతుగా పలుకుతుందని కుళ్ళాయప్ప వాదం. తెల్ల ఉన్ని అయితే ఆడగొంతుకు మంచిదని నాగేశ్వర వాదం. చివరికి ఎడమ పెట్టెలో నల్లది, కుడి పెట్టెలో తెల్లది పెట్టి రాజీపడ్డారు. ఎండ ముదిరితే ఇల్లంతా గొర్రె కంపు. సౌండు బాగుండాలంటే ఆ మాత్రం ఓర్చుకోవాలంటాడు నాగేశ్వర.

పాట వినేముందు ఫ్యాను ఆపాలి. కోళ్లను బయటికి తోలాలి. గోడలకు ఖాళీ గోతాలు వేలాడగట్టాలి. నట్టింట్లో సుద్దతో గీసిన చోట అతను తప్ప ఎవరూ కూర్చోకూడదు, రెండు పెట్టెల సౌండూ సరిగ్గా అక్కడే కలుస్తుందట. ఇన్ని చేసి పాట వింటాడా అంటే వినడు. మొదటి చరణం దాకా పోనిచ్చి వెనక్కి తిప్పుతాడు. పాడేమనిషి ఊపిరి పీల్చింది వినాలి. వయొలిన్ వాయించేవాడి కుర్చీ కిర్రుమన్నది వినాలి. పెళ్లయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఒక్క పాట చివరిదాకా మోగింది భార్య హేమావతి ఎరగదు.

ఈ జట్టులో మూడోవాడు రాఘవేంద్ర, కదిరిలో క్యాసెట్లు రికార్డు చేసిచ్చే అంగడి అతనిది. అతను బెంగళూరు పోయి ఒక హెడ్‌ఫోన్ తెచ్చాడు. హెడ్‌ఫోన్ ఒక్కటి, మనుషులు ముగ్గురు. ఒకడు తగిలించుకుని కళ్లు మూసుకుంటే మిగతా ఇద్దరూ ఎదురుగా కూర్చుని వాడి ముఖం చూసేవారు. ముఖం చూసే పాట ఎట్లుందో వాదులాడుకునేవారు.

చిక్కు ఆ హెడ్‌ఫోన్‌తోనే వచ్చింది. పాటకూ పాటకూ మధ్య ఖాళీలో సన్నగా గుయ్‌మని ఒక మోత. పెట్టెల్లో తెలియనిది చెవికి ఆనించేసరికి బయటపడింది. ముగ్గురికీ అన్నం సయించలేదు. తీగలు మార్చారు. ప్లగ్గు తిరగేసి పెట్టారు. టీవీ ఆపమని పక్కింటి హనుమంతమ్మను బతిమాలారు. మోత పోలేదు. చివరికి బెంగళూరు అంగడివాడికి ఫోను చేస్తే అతను ఒక్క ముక్కలో తేల్చాడు. మీకు ఎర్త్ లేదు, ఇంటి పక్కన గుంత తవ్వి ఇనుప పైపు పాతి, బొగ్గూ ఉప్పూ వేసి, పైపుకు తీగ కట్టండి, గుంత మాత్రం ఎప్పుడూ తడిగా ఉండాలి అన్నాడు.

మన జిల్లాలో ఎండాకాలం గుంత తడిగా ఉండాలట. చెప్పినవాడికేం, వాడు బెంగళూరులో ఉన్నాడు.

తవ్వారు. నీళ్లు పోశారు. మోత సగానికి తగ్గింది. ముగ్గురూ ఒకరినొకరు వాటేసుకున్నారు. మధ్యాహ్నానికల్లా నేల ఆ నీళ్లన్నీ తాగేసింది, మళ్లీ గుయ్. అంతే, అప్పటి నుంచి పొద్దున ఒక బిందె, సాయంత్రం ఒక బిందె.

హేమావతి బిందె మూతి పట్టుకుని ఆపింది. "ఏమప్పా, నీకు బుద్ధుండాదా? తెల్లారకముందే పోయి ట్యాంకరు కాడ కొట్లాడి తెచ్చినా ఈ నీళ్లు. కోడెదూడకు తాపినట్ల గుంతకు తాపుతాండావు."

"కొంచెమే హేమా. నేల తడిస్తే పాడేటోళ్ల గొంతు ఎంత తేటగా ఉంటాదో నీకు తెల్దు."

"నా గొంతు ఎండిపోతాండాది. అది నీకు తెల్దా?"

నాగేశ్వర కాస్త సిగ్గుపడ్డాడు. మంచినీళ్లు మానేసి అంట్లు కడిగిన నీళ్లు పోస్తానన్నాడు. అక్కడ కుళ్ళాయప్ప అడ్డం పడ్డాడు.

"అంట్ల నీళ్లు వద్దన్నా. జిడ్డుంటాది, సౌండు మొద్దుబారుతాది. బియ్యం కడిగిన నీళ్లు పొయ్యి, తబలా బాగ పలుకుతాది."

"బోరునీళ్లో?" అడిగాడు రాఘవేంద్ర.

"బోరునీళ్లు ఉప్పన. తాళాలు చెవిలో గుచ్చుకుంటాయి."

"ట్యాంకరు నీళ్లే మేలప్పా. దాంట్లో ఉండే తేట యాడా రాదు," అన్నాడు నాగేశ్వర.

హేమావతి గడపలో నిలబడి ఇదంతా విన్నది. ఇంట్లో తాగే నీళ్లు ఉప్పగా ఉన్నాయో చప్పగా ఉన్నాయో ఈ మగవాళ్లు ఎన్నడూ అడిగిన పాపాన పోలేదు. నవ్వు బిగబట్టుకుని అంది, "సరే, నేనే పోస్తా. మీరు లోపల కూచోండి. మూడు రకాల నీళ్లూ ఒగటెనక ఒగటి పోస్తా, ఏది ఏదో విని చెప్పండి. చెప్తిరా, ఈ ఎండాకాలమంతా గుంతకు నేనే నీళ్లు మోస్తా. చెప్పలేకపోతిరా, ఇంగ ఒక్క చుక్క దాంట్లో పడగూడదు."

ముగ్గురూ సంబరంగా ఒప్పుకున్నారు. ఇన్నాళ్లకు ఆమెకు సౌండు మీద గురి కుదిరిందనుకున్నారు.

హేమావతి గోడ వెనక్కి పోయి, "పోసినా," అని కేకేసింది.

లోపల కుళ్ళాయప్ప హెడ్‌ఫోన్ తగిలించుకుని తల ఊపాడు. "బియ్యం నీళ్లు. తబలా మీద ఆయప్ప బొటనవేలు జారింది కూడ తెలుస్తాండాది సూడు."

"ఇంగోటి పోసినా."

రాఘవేంద్ర ముఖం చిట్లించాడు. "బోరు. పండ్లు పులుస్తాండాయి."

"మూడోది."

నాగేశ్వర చాలాసేపు కళ్లు తెరవలేదు. తెరిచేసరికి తడిగా ఉన్నాయి. "ట్యాంకరు నీళ్లు. ఇట్లాంటి సౌండు నేను పుట్టినాంక వినలే."

హేమావతి లోపలికి వచ్చి, నీళ్లు నిండుగా ఉన్న మూడు చెంబులు ఒక్కొక్కటే తెచ్చి అతని ముందు పెట్టింది. "మూడూ ఈడనే ఉండాయి. ఏదీ పొయ్యలే."

ముందు తేరుకున్నవాడు కుళ్ళాయప్ప. "నువ్వు పోసినావని మేము నమ్మినాం గదా వదినా. ఆ నమ్మకానికి సౌండు మారింటాది."

గోడ పక్కనుంచి అంతా చూస్తున్న హనుమంతమ్మ నవ్వలేక అక్కడే చతికిలబడింది.

"మాటంటే మాటే," అంది హేమావతి. "ఏదీ, మీ ప్రాణం తీస్తాండే ఆ మోత ఏందో నన్నూ విననీండి."

నాగేశ్వర టేపు ఆపి, వాల్యూము పెంచి, హెడ్‌ఫోన్ ఆమె తలకు తగిలించాడు. హేమావతి విన్నది. ముఖంలో నవ్వు పోయింది.

"ఇది నాకు తెలుసు."

"ఎట్ల తెలుసు? నువ్వెప్పుడూ పెట్టుకోలే గదా."

"చెవితో కాదు. చేత్తో తెలుసు. రాండి."

వంటింట్లో గ్రైండరు దగ్గరికి తీసుకుపోయింది. ఏడాదిగా దాన్ని ముట్టుకుంటే మోచేతి దాకా జుమ్మంటోంది. హనుమంతమ్మ ఇంట్లోనూ అంతే, వీధి వీధంతా అంతే. లైన్‌మన్ లింగప్పకు చెబితే రబ్బరు చెప్పులు వేసుకుని రుబ్బుకోమన్నాడు. మొగుడికి చెబితే టేపు హెడ్డు తుడుస్తూ ఊ కొట్టాడు. అప్పటినుంచి వంటింట్లో చెప్పులతోనే పిండి రుబ్బుతోంది.

"చెప్పులు ఇడిసి చెయ్యి పెట్టు," అంది మొగుడితో.

నాగేశ్వర ముట్టుకుని చటుక్కున చెయ్యి తీసుకున్నాడు. వేరే మనిషైతే తిట్టేవాడు. నాగేశ్వర తల పక్కకు వంచి ఏదో ఆలోచించి, వేలి కొసతో మళ్లీ ముట్టుకున్నాడు. "కుళ్ళాయప్పా, ఇట్ల రా. ఇదే సుతి."

కుళ్ళాయప్ప ముట్టుకున్నాడు. "అవునన్నా. అయితే దీంట్లో కొంచెం బరువు ఎక్కువుండాది."

"బరువు కాదప్పా, గరుకు," అన్నాడు రాఘవేంద్ర, తన వంతు ముగించి వేలు ఊదుకుంటూ.

ముగ్గురూ గ్రైండరు చుట్టూ నిలబడి షాకులో నాణ్యం ఎంచుతున్నారు. హనుమంతమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "ఏడాదిగా మాకు తగిలిన షాకు వీళ్లకు సంగీతమాయెనే తల్లీ."

ఆ మాట నాగేశ్వరకు సూటిగా తగిలింది. పాటలో కుర్చీ కిర్రుమంటే వినే మనిషి, పెళ్లాం ఏడాదిగా చెబుతున్నది వినలేదు. తల దించుకుని, "తప్పు నాదే," అన్నాడు. తర్వాత అన్నాడు, "వీధంతా ఒగటే మోత అంటే రోగం మన ఇంట్లో లేదు. ట్రాన్స్‌ఫారం కాడ ఉండాది."

అందరూ పోయి చూశారు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ కంపచెట్లు. దాని ఎర్త్ గుంత రాళ్లతో, దుమ్ముతో పూడిపోయి ఉంది. భూమిలోకి దిగాల్సిన ఇనుప పట్టీ తుప్పుపట్టి తెగి, జానెడు ఎత్తున గాలిలో ఊగుతోంది. నాగేశ్వర వంగి చెయ్యి చాచాడు. హేమావతి ఆ చేతి మీద ఒక్కటిచ్చింది.

"దీని సౌండు కూడ సూస్తావా?"

అక్కడినుంచి అటే కరెంటాఫీసుకు నడిచారు. వీధిలో ఆడవాళ్లంతా వెనక వచ్చారు. ఇంజనీరు ఫ్యాను కింద ఉన్నాడు, లింగప్ప పక్కన నిలబడి ఉన్నాడు. తెగిన పట్టీ సంగతి, పూడిన గుంత సంగతి హేమావతి చెప్పింది.

"పైకి రాసినామమ్మా," అన్నాడు ఇంజనీరు. "కరువు గదా. గుంత తడిపేదానికి మాకు మాత్రం నీళ్లు యాడుండాయి?"

"నీళ్లు కాదు సార్, ముందు ఆ మోత ఎట్లుంటాదంటే," అని నాగేశ్వర అందుకున్నాడు. గుయ్ ఎట్లా మొదలై ఎట్లా సాగుతుందో నోటితో పలికి చూపించాడు. కుళ్ళాయప్ప అది కాదని తనదైన గుయ్ పలికాడు. రాఘవేంద్ర ఇద్దరినీ సరిదిద్దాడు. ఇంజనీరు విసుక్కోలేదు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"మీకూ వినపడుతాందా? నా సెట్టులో కూడ అదే. హెడ్‌ఫోన్ యాడ తెచ్చినారు మీరు?"

రాఘవేంద్ర ముఖం వెలిగిపోయింది. పిచ్చోళ్లు ఇప్పుడు నలుగురయ్యారని హేమావతికి అర్థమైంది. బల్ల మీద అరచేత్తో ఒక్కటి కొట్టింది.

"సార్, ఆ ముచ్చట్లు మీరు నలుగురూ రేపు కూచుని ఆడుకోండి. ఈ పొద్దు పనుండాది. ఇప్పుడే లైను ఆపించండి. తెగిన పట్టీ తీసి కొత్తది బిగించండి. పాతగుంత పక్కన ఇంగో గుంత తవ్వండి, తవ్వేదానికి ఈ ముగ్గురూ ఉండారు, వాళ్లకు అలవాటే. బొగ్గు మీది, ఉప్పు మీది. నీళ్లు మీ ట్యాంకరుతో తెప్పించి పొయ్యండి, వాన పడేదాంక వారం వారం లింగప్ప వచ్చి పొయ్యల్ల. మా బిందెల జోలికి రావద్దండి. పొద్దు మునిగే లోపల మా వీధిలో ఏ ఆడదానికీ చెయ్యి జుమ్మనకూడదు. ఇంగ రాసేది లేదు, పంపేది లేదు. లేయండి సార్."