ముదీర్ గారి ఓటుకు బొట్టు

"దస్రా! దస్రా!"

గాజు గదిలో మా ముదీర్, అంటే మేనేజర్, ఫోన్‌లో అరుస్తున్న ఈ మాట మొదట అంజి చెవిన పడింది. విన్నవాడు విన్నట్టు ఊరుకోకుండా పాలిష్ మిషన్ ఆపి తనూ అరిచాడు.

"దస్రాకు సెలవులిస్తుండు రో!"

దుబాయ్ అల్ ఖూజ్‌లోని మా వర్క్‌షాప్‌లో అప్పటిదాకా మార్బులే తప్ప మార్పు ఎరగం. ఒక్కసారిగా మిషన్లన్నీ ఆగిపోయాయి. మా అందరికంటే పెద్దవాడైన కటింగ్ మేస్త్రీ హన్మంతు, తలగుడ్డ విప్పి గాల్లో తిప్పేసరికి తెల్లదుమ్ము మబ్బులా లేచింది. స్టోర్ కీపర్‌ని కాబట్టి లెక్క సరిచూసుకోకుండా సంతోషించే అలవాటు నాకు లేదు. ఇటలీ నుంచి వచ్చిన మా ముదీర్ రెనాతో గారికి మన దసరా ఎవరు చెప్పారు?

అంజి దండం పెట్టుకుంటూ గాజు గదిలోకి వెళ్లాడు. వెళ్లినంత వేగంగానే వాడిపోయి తిరిగొచ్చాడు.

"ఏమైందిరా?" అన్నాడు హన్మంతు.

"దస్రా కాదంట కాకా. దెస్త్రా అంట. వాళ్ల బాసల కుడిపక్కోళ్లంట. ఆళ్లే గెలుస్తరని తమ్మునితోని లొల్లి వెట్టుకుంటుండు."

అది 2022 సెప్టెంబర్. ఇటలీలో సర్కారు పడిపోయింది, ఎన్నికలొచ్చాయి. (ఇటలీ, ఇడ్లీ అనే జోకు నేను వెయ్యను. ఆ పిండి ఎప్పుడో పులిసిపోయింది.) మన బతుకమ్మ మొదలయ్యే రోజే వాళ్లకు పోలింగు. అక్కడ ఓట్లు, ఇక్కడ పూలు, మధ్యలో మా అంజి.

అంజికి కరోనా ఏడాదిలో కూతురు పుట్టింది. ఇంతవరకు ఎత్తుకోలేదు. ఆ పిల్ల దృష్టిలో నాన్న అంటే ఫోనే. తల్లి మాలతి ఫోన్‌ని ఛార్జింగ్‌కు పెడితే, "నాయిన బువ్వ తింటుండు" అని చప్పుడు చేయకుండా కూర్చుంటుందట. ఈ దసరాకైనా కాళ్లూ చేతులూ ఉన్న నాన్నగా కనిపించాలని అంజి సెలవు కాయితం పెట్టి చాలా రోజులైంది. సంతకం కాలేదు. సెలవిమ్మంటే ముదీర్ సెలవిచ్చేదేమీ లేదు.

"పోయి అడుగుతనే" అన్నాడు అంజి.

"అడిగినవంటే ఖలాస్!" అని హన్మంతు చెయ్యి పట్టుకుని ఆపాడు. "వాళ్ల సర్కారే పడిపోయి ఆయన ఏడుస్తుండు. సర్కార్ లేనోడు సంతకం ఎట్ల వెడ్తడు? ముందుగాల ఆయన బాదేందో తెలుసుకో. దోస్తానా చెయ్యి. ఓటు ఏసినంక మనసు సల్లబడ్తది, అప్పుడడుగు. ఏమంటవ్ ఏసుదానం?"

ఏమంటాను? నేను కోనసీమ వాణ్ణి. పక్కింటి రాజకీయం కూడా పట్టించుకునే జాతి. "వినడానికి బాగానే ఉంది" అన్నాను.

మర్నాటి నుంచి అంజి చాయ్ కప్పుతో గాజు గదికి వెళ్లి, "ముదీర్, ఇటలీ కా హాల్ క్యా హై?" అని అడగడం మొదలుపెట్టాడు. దుబాయ్ వచ్చాక రెనాతో గారిని ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి అంజే. ఆయన కళ్లు చెమర్చాయి. వెంటనే రాతి ముక్కలు తెప్పించి బల్ల మీద పార్టీలు పేర్చాడు. వచ్చీరాని హిందీలో ఆయన, వచ్చిన హిందీలో అంజి. నేను తలుపు దగ్గర నిలబడి రాతి ముక్కల లెక్క చూస్తున్నట్టు నటించాను.

"ఈ కుడి ముక్కలకు ఒకదానికొకటి పడదు. అందుకని అతుక్కుని ఉంటాయి" అన్నాడు రెనాతో.

"మరి ఎడమపక్కవి?"

"వీటన్నిటి అభిప్రాయం దాదాపు ఒక్కటే. అందుకని కలిసి కూర్చోలేవు."

ఎడమ వాళ్ల మధ్య ఎడమే ఎక్కువన్నమాట.

"నడిమిట్ల ఈ పొట్టు?"

"ఎడమవైపు నుంచి రాలింది."

"పడిపోయిన సర్కార్ల ఎవరెవరున్నరు?"

"ఒక్క పెద్ద పార్టీ తప్ప దాదాపు అందరూ."

"అందరుండంగ మరెవరు పడగొట్టిన్రు?"

"వాళ్లే."

అంజి చాయ్ తనే తాగేశాడు.

ఆ సాయంత్రం మేముండే లేబర్ క్యాంపులో పొయ్యి దగ్గర హన్మంతుకు ఇదంతా చెప్పాడు. హన్మంతు పప్పు కలుపుతూ విని, గరిటె చూపించాడు. "గిండ్ల సమజ్ గాకపోవుడేముంది? మన రూమ్ మెస్సే గదరా! కారం ఎక్కువైందని మణి ఎళ్లిపోయి వేరే మెస్ వెట్టిండు. ఉప్పు తక్కువైందని ఆని మెస్‌కెళ్లి ఇంకోడు ఎళ్లిండు. పొయ్యేమో ఒక్కటే. క్యాంపు బాస్ తనిఖీకొస్తే మాత్రం అందరం ఒక్కటే మెస్ అని సలాం కొడ్తం."

కూటమి అంటే కూటి దగ్గర తేలుతుందని నాకూ అప్పుడే తెలిసింది. పొద్దున్నే అంజి ఈ సిద్ధాంతాన్ని గాజు గదికి మోసుకెళ్లాడు. రెనాతో ఆసక్తిగా ముందుకు వంగాడు. "మెస్‌లో నువ్వు ఏ పక్షం?"

"కారం పక్షం."

"మితవాదివా, తీవ్రవాదివా?"

"పచ్చిమిరపకాయ."

రెనాతో లేచి కౌగిలించుకున్నాడు. అంత స్నేహం కుదిరినా సెలవు మాట ఎత్తనివ్వలేదు హన్మంతు. "ఓటు పడనియ్యి" అన్నాడు.

విదేశాల్లో ఉన్న ఇటలీ వాళ్లకు ఓటు పోస్టులో వస్తుంది. రెనాతో ఓటు వచ్చింది. రెండు రోజులు రాతి ముక్కలు అటూ ఇటూ జరిపి, మూడో రోజు తలుపు మూసుకుని వేసేశాడు. బయటికొచ్చి, చిన్న తెల్ల కవరు, పెద్ద కవరు అంజి చేతికిచ్చాడు. "చిన్నది పెద్దదాంట్లో పెట్టి అతికించు మిత్రమా. డ్రైవర్ తారిఖ్ పికప్‌లో కాన్సులేట్‌కు పోవాలి. యల్లా, త్వరగా!"

అంజి తెల్ల కవరును రెండు చేతులతో పట్టుకుని హన్మంతు దగ్గరికి పరుగెత్తాడు. హన్మంతు దాన్ని తిప్పి చూసి నొచ్చుకున్నాడు.

"గింత పెద్ద పనికి ఒట్టి కాయిదం పంపుతడా? బోసిగుంది."

జేబులోంచి పొట్లం తీశాడు. నీళ్లు చిలకరించాడు. నాలుగు మూలలా పసుపు, దాని మీద కుంకుమ. పెళ్లి పత్రికలా కళకళలాడింది. అందరం కళ్లకద్దుకున్నాం. నేను కూడా. పరలోకంలో లెక్క చెప్పుకుంటాను.

అప్పుడే గుర్తొచ్చి ఇంకేదో చెప్పడానికి బయటికొచ్చిన రెనాతో ఆ కవరు చూశాడు. కటింగ్ మిషన్ కూడా అంత అరుపు అరవదు.

"గుర్తులు! ఈ కవరు మీద ఒక్క గుర్తు ఉన్నా ఓటు చెల్లదు! పసుపు ఒక పార్టీ రంగు! ఎరుపు ఇంకోళ్ల రంగు! కవరు మీదే రెండు ఓట్లు వేశావా?"

అంజి కింద కూలబడ్డాడు. ఓటూ పోయింది, సెలవూ పోయింది, బతుకమ్మా పోయింది. ఇక దాచడానికి ఏమీ లేదనుకుని ఏడుస్తూ మొత్తం చెప్పేశాడు. పిల్ల గురించి, సర్కారు పడిపోయినందుకే సంతకం ఆగిందనుకోవడం గురించి, ఇటలీ నేర్చుకోవడం గురించి. "మంచి కాయిదం పోయేటప్పుడు బొట్టు వెడ్తం ముదీర్. నా సెలవు కాయిదానికి గూడ పెట్టిన."

రెనాతో నోరు తెరుచుకుంది. గబగబా గదిలోకి వెళ్లి ఆ కాయితం తెచ్చాడు. నాలుగు మూలలా పచ్చగా, ఎర్రగా ఉంది.

"ఇది... కూర కాదా?"

మేమంతా తలలు అడ్డంగా ఊపాం.

"దీని మీద అన్నం తిన్నారనుకున్నాను! శుభ్రమైనది ఇంకొకటి రాసి తెస్తావని రోజూ చూస్తున్నాను. నువ్వేమో రోజూ వచ్చి ఇటలీ గురించి అడుగుతున్నావు!" ఆయన చూపు కటింగ్ మిషన్ మీద పడింది. దాని నుదుట పోయిన దసరా బొట్టు. "అదీ కూర కాదా? అందుకే కదా మిషన్ దగ్గర భోజనం చేయరాదని నాలుగు భాషల్లో బోర్డు పెట్టించాను!"

ఆ దుమ్ములో ఎవడు తింటాడని ఏడాదిగా మేం తలలు బద్దలు కొట్టుకున్న బోర్డు అది.

రెనాతో ఒక రాతి పలక మీదికెక్కి, తన ఓటు కవరును ఒక చేత్తో, అంజి కాయితాన్ని ఒక చేత్తో ఎత్తి పట్టుకున్నాడు. మలయాళీలకూ, పాకిస్తానీలకూ, పికప్‌లో హారన్ కొడుతున్న తారిఖ్‌కూ వినబడేలా చెప్పాడు.

"సబ్ సునో! యే ఖానా నహీ హై. పూజా హై!"

తర్వాత పలక మీదే వంగి సెలవు కాయితం మీద సంతకం చేశాడు. బొట్టుకు తగలకుండా. ఓటుకు ఇంకో కవరు దొరుకుతుందేమో కాన్సులేట్‌లో బతిమాలుకుంటానని పికప్ ఎక్కాడు.

హన్మంతు అంజి వైపు తిరిగాడు.

"అంటే ఇటలీ సర్కార్‌కు, నీ సెలవుకు ఏం సంబందం లేదా?"

"లేదు కాకా."

"మరి గిన్ని దినాలు గా పంచాది మొత్తం ఎందుకు నేర్సుకున్నవ్‌రా?"

"నువ్వే గదనే నేర్సుకొమ్మన్నది!"